బడిలో కంటి పరీక్ష: ‘చూపు బాగుంది’ అని రాసే ముందు

(తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉపాధ్యాయులకు, పీఈటీలకు (వ్యాయామ ఉపాధ్యాయులకు), ఏఎన్ఎంలకు (ఊరి ఆరోగ్య కార్యకర్తలకు) తిరుపతిలో ఇచ్చిన శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సూటిగా విషయంలోకి వస్తాను. బడిలో కంటి పరీక్ష సరిగ్గా చేయకపోతే, అసలు చేయనిదానికన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది. పరీక్ష జరగని బిడ్డ మీద ఇంట్లో ఎవరికో ఒకరికి అనుమానం ఉంటుంది. ‘వీడు టీవీకి అంత దగ్గరగా పోయి కూర్చుంటాడేంది’ అని అవ్వయినా అంటుంది. మన రిజిస్టర్లో ‘చూపు బాగుంది’ అని ఒక్కసారి పడిందా, ఆ అనుమానం అక్కడితో సరి. ‘బళ్లో చూసినారు, ఏమీ లేదన్నారు’ అంటారు. కాబట్టి ఈ పూట నేను మాట్లాడేది ముఖ్యంగా ఒకే ప్రశ్న మీద: చూపు తగ్గిన బిడ్డ మన పరీక్షలో ఎట్లా పాస్ అయిపోతుంది?

పిల్లలు తమంతట తాము చెప్పరు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. పుట్టినప్పటి నుంచి, లేదా మెల్లమెల్లగా, లోకం మసకగా కనిపించే బిడ్డ, అందరికీ అట్లే కనిపిస్తుందనే అనుకుంటుంది. ఒక కన్ను బాగుండి రెండో కన్ను బాగా తగ్గిన బిడ్డయితే అసలే బయటపడదు. జోడెడ్లలో ఒక ఎద్దే మొత్తం లాగుతున్నా బండి నడుస్తూనే ఉంటుంది కదా, రెండో ఎద్దు వైపు ఎవరు చూస్తారు? ఆ బిడ్డ బోర్డు చదువుతుంది, కబడ్డీ ఆడుతుంది, సైకిల్ తొక్కుతుంది. మెదడు మాత్రం మసకబారిన కంటి నుంచి వచ్చే బొమ్మను పక్కన పెట్టేస్తుంది. చివరికి ఆ కంటికి అద్దాలు పెట్టినా చూపు పూర్తిగా రాదు. ఆంబ్లియోపియా అంటే ఇదే. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే ఫలితం బాగా ఉంటుంది. ఆ తర్వాత కూడా కొంత ప్రయత్నం చేయొచ్చు, కానీ ఆలస్యమైన కొద్దీ వచ్చేది తగ్గిపోతుంది. అందుకే ఒకటో తరగతిలో చేరిన బిడ్డకు ఆ ఏడాదే పరీక్ష జరగాలని మేం పట్టుబడతాం.

మన దేశంలో ఈ పని కొత్తదేమీ కాదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. 2013 ఫిబ్రవరిలో పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్బీఎస్‌కే) వచ్చింది. దాని ప్రకారం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఏడాదికి ఒకసారి చూడాలి. మన రాష్ట్రంలో కంటి వెలుగు పథకం 2019 అక్టోబర్ 10న మొదలైనప్పుడు మొదటి విడతగా తీసుకున్నది బడి పిల్లలనే. పథకాలు ఉన్నాయి, బృందాలు వస్తున్నాయి. కానీ ఏడాది పొడవునా ఆ బిడ్డ ముఖం చూసేది మీరు. మొదటి జల్లెడ మీ చేతిలోనే ఉంది.

ఇక చార్టు. ఇంగ్లిష్ అక్షరాలది వద్దు, తెలుగు అక్షరాలది కూడా వద్దు. ఇంగ్లిష్ ‘ఈ’ (E) ఆకారం ఒక్కదాన్నే నాలుగు దిక్కులకూ తిప్పి అచ్చేసిన చార్టు వాడండి. ఆ మూడు గీతలు ఎటు తిరిగి ఉన్నాయో బిడ్డ చేతితో చూపిస్తే చాలు, నోరు తెరవనక్కర్లేదు. నగరిలో, సత్యవేడులో, కుప్పంలో తమిళ మీడియం బడులున్నాయి. అక్కడ తమిళం చదివే బిడ్డకూ, పక్క బడిలో తెలుగు చదివే బిడ్డకూ, ఇంకా అక్షరాలు రాని ఒకటో తరగతి బిడ్డకూ ఇదే చార్టు సరిపోతుంది. ‘కుడి, ఎడమ’ అని చెప్పమనకండి. చిన్నపిల్లలు కుడి ఎడమలు తారుమారు చేస్తారు, అది చూపు లోపం కింద పడిపోతుంది.

డచ్ డాక్టర్ స్నెల్లెన్ 1862లో కంటి చార్టును ఒక లెక్క మీద కట్టాడు. 6/9 చూపు అంటే, మామూలు కన్ను 9 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలదని; 6/6 అంటే మామూలు చూపు. 6/6 వరసలోని అక్షరం 6 మీటర్ల దూరాన కంటి దగ్గర 5 నిమిషాల కోణం చేయాలి. ఒక డిగ్రీలో 60 నిమిషాలుంటాయి, అందులో 5 నిమిషాలంటే ఎంత సన్నని కోణమో ఊహించుకోండి. కాబట్టి అక్షరం ఎత్తుకు ఒక కచ్చితమైన కొలత ఉంటుంది. 6 మీటర్ల చార్టులో 6/6 అక్షరం 8.7 మి.మీ., 6/9 అక్షరం 13 మి.మీ., 6/12 అక్షరం 17.5 మి.మీ., పైనున్న 6/60 పెద్ద అక్షరం 87 మి.మీ. ఇవి రాసుకోండి. ఎందుకంటే ఈ మధ్య చార్టు వాట్సాప్‌లో వస్తోంది, జిరాక్స్ షాపులో అచ్చేయిస్తున్నారు. ఎ3 సైజు చార్టును ఎ4 కాగితంలోకి కుదించి తీస్తే అక్షరాలు ఉండాల్సిన దాంట్లో 71 శాతానికి తగ్గిపోతాయి. 6/9 అక్షరం 13 కాస్తా 9 మి.మీ. చిల్లరకు వస్తుంది, అంటే దాదాపు 6/6 అక్షరమే. అప్పుడు బాగా కనిపించే పిల్లలు కూడా ఫెయిలై, సగం తరగతిని ఆస్పత్రికి పంపిస్తారు. అక్కడి వాళ్లు విసుక్కుంటారు, తల్లిదండ్రులు రెండోసారి మీ మాట నమ్మరు. స్కేలు పెట్టి 6/9 అక్షరం కొలవండి. 13 రాకపోతే ఆ కాగితం పక్కన పడేయండి.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. చార్టు మీద ‘6 మీటర్లు’ అని ఉంటే 6 మీటర్లే. అంటే 19 అడుగుల 8 అంగుళాలు. ‘గది చిన్నది, నాలుగడుగులు తగ్గితే ఏమైంది’ అనుకోవద్దు. 6 మీటర్ల చార్టును 3 మీటర్ల నుంచి చూపిస్తే 6/9 వరస చదవడం 6/18 చదివినంత తేలికైపోతుంది. 6/18 చూపుతో బోర్డు కనిపించక తంటాలు పడుతున్న బిడ్డ అక్కడ హాయిగా పాసవుతుంది. గది సరిపోకపోతే 3 మీటర్ల కోసమే అచ్చేసిన చార్టు తెచ్చుకోండి, అందులో 6/9 అక్షరం 6.5 మి.మీ. ఉంటుంది. లేదంటే వరండాలోకి రండి. మన ప్రభుత్వ బడుల్లో చాలావాటికి పొడుగాటి వరండా ఉంటుంది, పొద్దున 9 నుంచి 11 దాకా వెలుతురు బాగుంటుంది. అడుగులతో కొలవకండి, నైలాన్ తాడుతోనూ వద్దు, అది సాగుతుంది. మేస్త్రీ దగ్గరుండే టేపు పెట్టి కొలిచి, సుద్దముక్కతో గీత గీయండి. కొలిచేది చార్టు నుంచి బిడ్డ కన్ను దాకా. కాబట్టి కుర్చీ వెనక కాళ్లు ఆ గీత మీదుండాలి, బిడ్డ వీపు ఆనించి కూర్చోవాలి. కనిపించకపోతే పిల్లలు తెలియకుండానే ముందుకు వంగుతారు. 3 మీటర్ల చార్టుకు అడుగు మేర వంగితే పది శాతం మోసం అక్కడే జరిగిపోతుంది.

చార్టు మధ్యభాగం కూర్చున్న బిడ్డ కంటి ఎత్తులో ఉండాలి. చార్టు వెనక కిటికీ ఉండకూడదు, ఉంటే బిడ్డకు వెలుతురే కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. చార్టు మీద సగం ఎండ, సగం నీడ పడకూడదు. బిడ్డ ముఖానికి ఎండ కొట్టకూడదు. ట్యూబ్‌లైటు ఉంటే వేయండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. కరెంటు పోయిందంటే మొదట చూసిన 20 మందికీ తర్వాత చూసిన 20 మందికీ పోలిక ఉండదు.

మనుషులు ఇద్దరు కావాలి. ఒకరితో కాదు. ఒకరు చార్టు దగ్గర నిలబడి అక్షరం కింద కర్ర పెడతారు. కర్ర అక్షరాన్ని కప్పకూడదు. రెండోవారు బిడ్డ పక్కన నిలబడి బిడ్డ ముఖాన్నే చూస్తారు, చార్టు వైపు తల తిప్పరు. నా దృష్టిలో ఈ రెండో మనిషిదే పెద్ద పని. ఎందుకో చెబుతాను.

బిడ్డ పాసవ్వాలనుకుంటుంది. పరీక్ష అనే మాట వింటేనే మన పిల్లలకు అట్లా అలవాటైపోయింది. కన్ను మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తుంది. అట్టముక్క అడ్డం పెడితే తల కాస్త తిప్పి ముక్కు పక్క నుంచి చూస్తుంది. బాగున్న కన్ను మూసినప్పుడే ఈ దొంగచూపు ఎక్కువ, మరి తగ్గిన కన్నుతో ఏమీ కనిపించదు కదా. అంటే ఏ బిడ్డను పట్టుకోవాలని ఇదంతా చేస్తున్నామో ఆ బిడ్డే తప్పించుకుంటుంది. అరచేత్తో గట్టిగా నొక్కి మూసుకునే పిల్లలతో ఇంకో చిక్కు. నొక్కిన కన్ను తెరిచాక కాసేపు మసకగా ఉంటుంది, ఆ కన్ను వంతు వచ్చేసరికి అన్యాయంగా ఫెయిలవుతుంది.

దీనికి చవకైన ఉపాయం టీ తాగే పేపర్ కప్పు. కంటి మీద బోర్లించి పట్టుకుంటే కనుగుడ్డు మీద ఒత్తిడి పడదు, ముక్కు పక్క సందు కూడా మూసుకుపోతుంది. బిడ్డకొక కప్పు ఇవ్వండి, ఒకరిది ఇంకొకరికి వద్దు. కళ్లకలక తిరుగుతున్న రోజుల్లో ఈ జాగ్రత్త తప్పనిసరి. కలక ఉన్న బిడ్డకు ఆ రోజు పరీక్ష వద్దు, తగ్గాక చూడండి.

ఇంకో దారి రెప్పలు సన్నగా చేయడం. కళ్లు చికిలించి చూస్తే 6/12 చూపున్న బిడ్డ కూడా 6/9 వరస లాగేస్తుంది. సన్నని సందులోంచి వచ్చే కాంతి కిరణాలు చెదరకుండా పడతాయి, అందుకే బొమ్మ కొంత తేటపడుతుంది. ఇదే సూత్రం మనకు మరోచోట పనికొస్తుంది, ఆ సంగతి తర్వాత. పరీక్షలో మాత్రం ‘కళ్లు పెద్దవి చేసి చూడమ్మా’ అని చెప్పండి. చికిలించి చదివితే చదివినట్టు కాదు.

ఇక వరుస. మిగతా పిల్లలు గది బయటే ఉండాలి. లోపల బెంచీ మీద కూర్చోబెడితే తమ వంతు వచ్చేలోపు వరస మొత్తం నోటికి వచ్చేస్తుంది, లేదా పక్క నుంచి స్నేహితుడు వేలితో అందిస్తాడు. అప్పుడప్పుడు కుడి నుంచి ఎడమకు అడగండి, మధ్యలోంచి మొదలుపెట్టండి.

బిడ్డను కూర్చోబెట్టే ముందు, రెండు కళ్లూ తెరిచి ఉండగానే, దగ్గర నుంచి పెద్ద ‘ఈ’ని నాలుగు వైపులా తిప్పి చూపించండి. చేత్తో సరిగ్గా చూపిస్తే ఆట అర్థమైనట్టు. దగ్గర్లోనే తప్పు చెబుతుంటే అది చూపు సంగతి కాదు, మనం ఇంకోసారి నేర్పాలి. ఆ తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కన్నుతో, కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో. ప్రతిసారీ ఇదే క్రమం పాటిస్తే రాసేటప్పుడు కుడి ఎడమలు తారుమారు కావు. 6/9 వరసలో ఐదింటికి నాలుగు సరిగ్గా చూపిస్తే ఆ కన్ను పాస్. ఏ ఒక్క కన్ను తప్పినా రిఫర్ చేయాల్సిందే, అంటే చీటీ రాసి కంటి పరీక్షకు పంపాల్సిందే. ‘రెండు కళ్లతో బాగానే చదివింది కదా’ అన్నది లెక్కలోకి రాదు.

కొందరు ఒక్క అక్షరం ఉన్న చిన్న అట్టను చేత్తో తిప్పుతూ చూపిస్తారు. వాడుకకు సులువే. కానీ ఆంబ్లియోపియా ఉన్న కన్ను ఒంటరి అక్షరాన్ని బాగా పట్టుకుంటుంది, నాలుగు అక్షరాలు పక్కపక్కనే ఉంటే తడబడుతుంది. కాబట్టి పూర్తి వరసే చూపించండి. అట్టే వాడాల్సి వస్తే అక్షరం చుట్టూ నాలుగు వైపులా గీతలున్న అట్ట వాడండి.

కళ్లద్దాలున్న పిల్లలకు అద్దాలతోనే పరీక్ష. పవర్ మారి ఉంటే అప్పుడే బయటపడుతుంది. అద్దాలు ఇంట్లో పెట్టొచ్చిన వాళ్ల పేర్లు విడిగా రాసుకోండి, ఆ జాబితా తర్వాత పనికొస్తుంది.

ఇంతవరకు చెప్పింది ఎక్కువగా మైనస్ పవర్ పిల్లలను పట్టుకుంటుంది. మైనస్ 2 పవరున్న బిడ్డకు అర మీటరు దాకానే స్పష్టంగా కనిపిస్తుంది. పుస్తకం బాగుంటుంది, బోర్డు అలికినట్టుంటుంది. ప్లస్ పవర్ పిల్లల కథ వేరు. చిన్న వయసులో కంటిలోని లెన్సుకు సర్దుకునే బలం ఎక్కువ, ఆ బలంతోనే వాళ్లు 6/6 కూడా చదివేస్తారు. కానీ ఆ సర్దుబాటు రోజంతా జరుగుతూ ఉంటుంది. సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, చదవడానికి కూర్చుంటే పది నిమిషాల్లో పుస్తకం మూసేస్తారు. కొందరికి కన్ను లోపలికి తిరుగుతుంది. ఇట్లాంటి బిడ్డను ‘బద్ధకం’ అని తేల్చేస్తుంటాం.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. అద్దాల షాపులో ప్లస్ 2 పవర్ రెడీమేడ్ రీడింగ్ అద్దాలు ఒక జత కొనండి. 6/9 పాసైన బిడ్డకు అవి పెట్టి, మళ్లీ ఒక్కో కన్నుతో అదే వరస చూపించండి. మామూలు కన్నుకు ఆ అద్దాలతో దూరం మసకబారాలి. మసకబారకుండా 6/9 వరస సులువుగా చదివేస్తే ఆ కంటిలో ప్లస్ పవర్ దాగి ఉన్నట్టు. రిఫర్ చేయండి. అందరికీ చేయడానికి సమయం లేకపోతే తలనొప్పి అనే పిల్లలకు, చదువులో వెనకబడిన పిల్లలకు, మెల్ల ఉన్న పిల్లలకు తప్పకుండా చేయండి.

ఫెయిలైన బిడ్డకు ఇంకో అడుగు. నల్ల అట్టకు సుమారు 1.2 మి.మీ. రంధ్రం పెట్టి అందులోంచి చూడమనండి. ఇందాక చెప్పిన రెప్పల సూత్రమే ఇది. చూపు మెరుగైతే పవర్ లోపం, అద్దాలతో సర్దుకునే అవకాశం ఎక్కువ. మెరుగవకపోతే ఆంబ్లియోపియా కావచ్చు, శుక్లం కావచ్చు, నరానికి, రెటీనాకు సంబంధించినది కావచ్చు. ఆ చీటీ మీద ‘రంధ్రంతో మెరుగవలేదు’ అని రాసి త్వరగా పంపండి.

టార్చితో చేసేది అర నిమిషం పని. బిడ్డ ముఖానికి మూర దూరంలోపు పెన్ టార్చి పట్టుకుని వెలుగు వైపు చూడమంటే, రెండు నల్లగుడ్ల మీద చిన్న తెల్ల చుక్క పడుతుంది. రెండింటిలో ఒకేచోట పడాలి. ఒకదాంట్లో పక్కకు జరిగితే మెల్ల. మన దగ్గర మెల్లకన్ను అదృష్టమని వదిలేస్తారు. ఆ అదృష్టం పేరు మీద కన్ను చూపు పోతుంది, దయచేసి ఈ మాట తల్లులతో గట్టిగా చెప్పండి. రెప్ప వాలి కనుపాపను కప్పేస్తున్నా అంతే, చూపు ఎదగదు. కనుపాప మధ్యలో తెల్లగా మెరిసినా, ఫోన్ ఫ్లాషుతో తీసిన ఫోటోలో ఒక కన్ను తెల్లగా పడినా అది శుక్లమో, కంటి క్యాన్సరో కావచ్చు. దానికి శిబిరం దాకా ఆగొద్దు, ఆ వారమే పెద్దాస్పత్రికి.

రాయలసీమ ఎండలకు మన పిల్లల్లో ఇంకొకటి బాగా కనిపిస్తుంది, అలర్జీ. కళ్లు ఎర్రగా, తెల్లగుడ్డు కాస్త మట్టిరంగు తిరిగి, తీగలా సాగే పుసి, విపరీతమైన దురద. వేసవి వస్తే చాలు మొదలవుతుంది. బిడ్డ రోజంతా కళ్లు నలుపుతూనే ఉంటుంది. నలిపీ నలిపీ నల్లగుడ్డు పొర పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు వచ్చే ప్రమాదం ఉంది. దీనికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వేయగానే దురద పోతుంది, కాబట్టి అమ్మ ప్రతి వేసవికీ అదే సీసా తెప్పిస్తుంది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు, శుక్లం రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. కళ్లు నలిపే పిల్లల్ని చూసినప్పుడు ‘ఏం చుక్కలు వేస్తున్నారు, ఎప్పటి నుంచి’ అని అడగండి, సీసా తెప్పించి పేరు చీటీ మీద రాయండి. ఆకు పసరు, చనుబాలు, ఆముదం కంట్లో పోసే అలవాటు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటితో నల్లగుడ్డు మీద పుండు పడితే మచ్చ మిగిలిపోతుంది.

పరీక్షకు రాని పిల్లల సంగతి చాలాసార్లు మరిచిపోతాం. హాజరైన వాళ్లలో ఎంతమందిని చూశామన్నది కాదు, తరగతి రిజిస్టర్లో పేరున్న వాళ్లలో ఎంతమందిని చూశామన్నదే లెక్క. గైర్హాజరైన వాళ్ల కోసం రెండో రోజు పెట్టుకోండి. భవిత కేంద్రానికి వచ్చే ప్రత్యేక అవసరాల పిల్లలను ‘వీళ్లు చెప్పలేరు’ అని వదిలేస్తారు. చూపు లోపాలు మిగతా వాళ్లకన్నా వాళ్లలోనే ఎక్కువ. వాళ్లకు మన చార్టు అక్కర్లేదు, నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి పంపాలి.

ఇప్పుడు అద్దాల గురించి. అద్దాలు ఇచ్చేశాం, ఫోటో తీశాం, పని అయిపోయింది అనుకుంటే పొరపాటు. మూడు నెలల తర్వాత చెప్పకుండా తరగతికి వెళ్లి చూడండి. ముఖం మీద ఎంతమందికి ఉన్నాయి, సంచీలో ఎంతమందికి, ఇంట్లో ఎంతమందికి, విరిగినవి ఎన్ని, పోయినవి ఎన్ని. ఈ ఐదు గళ్లు గీసుకుని నింపండి. ‘సోడాబుడ్డి’ అని పిలిచే తరగతిలో ఏ బిడ్డా అద్దాలు పెట్టుకోదు. ఆ మాట ఆపడం డాక్టర్ వల్ల కాదు, మీ వల్లే అవుతుంది. ఫ్రేము బిడ్డే ఎంచుకోవాలి. ఒకే రంగు, ఒకే సైజు ఫ్రేములు పెట్టె నిండా తెచ్చి పంచితే సగం పెట్టెల్లోనే ఉండిపోతాయి. ముక్కు మీద జారుతుంటే, చెవి వెనక కోస్తుంటే తీసి పడేస్తారు. అద్దం కేంద్రం కనుపాపకు ఎదురుగా లేకపోతే తలనొప్పి వస్తుంది. గాజు అద్దం వద్దు, ప్లాస్టిక్‌దే ఇవ్వాలి. ఒక కంట్లోనే చూపున్న బిడ్డకు సులువుగా పగలని పాలికార్బొనేట్ అద్దం తప్పనిసరి. పావు పవర్, అర పవర్ కోసం అద్దాలు రాసి పంచడం కూడా తప్పే. ఆ బిడ్డకు తేడా తెలియదు, పెట్టుకోదు, ‘అద్దాలు దండగ’ అనే మాట ఊరంతా పాకుతుంది.

పొడి చొక్కా అంచుతో తుడిస్తే దుమ్ము గీతలు పడతాయి. నీళ్లతో కడిగి మెత్తటి నూలు గుడ్డతో తుడవాలని, రెండు చేతులతో తీసి పెట్టుకోవాలని, అద్దం పైకి ఉండేట్టు పెట్టాలని ప్రార్థన సమయంలో ఒక్క నిమిషం చెప్పండి. చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి హెచ్ఎం గదిలో ఉంచండి. మరలు వదులై పక్కన పడేసిన జతలు చాలా ఉంటాయి.

పీఈటీలకు ఒక మాట. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లలను ఆరుబయట ఉంచి మూడేళ్లు గమనించారు. ఆ బడుల్లో కొత్తగా మైనస్ పవర్ వచ్చినవారు 30 శాతం, మామూలు బడుల్లో దాదాపు 40 శాతం. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నిప్పులు చెరిగే ఎండలో నిలబెట్టమని కాదు. చెట్టు నీడలో ఉండే వెలుతురు కూడా తరగతి గదిలో వెలుతురుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆటల పీరియడును లెక్కల టీచరుకు ఇచ్చేయకండి.

ఇక మీ ప్రశ్నలు.

(అద్దాలు పెడితే పవర్ పెరుగుతూ పోతుందని తల్లులు భయపడుతున్నారు, ఏం చెప్పమంటారని ఒక టీచరు అడిగారు.)

మేడమ్, పెరిగేది అద్దాల వల్ల కాదు. బిడ్డ ఎదిగే కొద్దీ కనుగుడ్డు పొడవు కూడా పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే సుమారు రెండున్నర, మూడు పవర్ తేడా వస్తుంది. అద్దాలు పెట్టినా పెట్టకపోయినా ఆ ఎదుగుదల జరుగుతుంది, పెట్టకపోతే చదువు అదనంగా పోతుంది. పవర్ తగ్గించి ఇస్తే ఆగుతుందనే మాటలో కూడా నిజం లేదు. ఆడపిల్ల పెళ్లి గురించి భయపడే అమ్మకు ఒకటి చెప్పండి: పద్దెనిమిదేళ్లు దాటి పవర్ నిలకడగా ఉంటే లేజర్ చికిత్స లాంటి వేరే దారులున్నాయి, ఆంబ్లియోపియాతో పోయిన చూపుకు ఆ దారులు పనిచేయవు.

(సెల్‌ఫోన్ వల్లే సైట్ వస్తోందా అని ఒక ఏఎన్ఎం.)

ఫోన్‌లోంచి ఏదో వచ్చి కన్నును పాడుచేయడం లేదమ్మా. గంటల తరబడి జానెడు దూరంలో చూడటం, ఆ గంటలు ఆరుబయట ఆడకపోవడం, రెండూ కలిసి చేస్తున్న పని అది. పుస్తకం జానెడు దూరంలో పెట్టుకుని చదివినా అంతే. మూర దూరం ఉండాలి, అప్పుడప్పుడు తలెత్తి దూరం చూడాలి.

(రిఫర్ చేసిన పిల్లలను ఆస్పత్రికి ఎవరు తీసుకుపోవాలి, కూలి వదులుకుని తల్లిదండ్రులు రావడం లేదని పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక సారు.)

ఇది అసలైన ప్రశ్న సార్. చీటీ ఇచ్చి ‘పోండి’ అంటే చాలామంది పోరు, అది వాళ్ల తప్పు కాదు. ముందు మీ పీహెచ్‌సీకి కంటి సహాయకుడు ఏ రోజు వస్తాడో కనుక్కోండి, పవర్ పరీక్ష చాలామందికి అక్కడే అయిపోతుంది. ఆంబ్లియోపియా, మెల్ల, తెల్ల కనుపాప, రంధ్రంతో మెరుగవని పిల్లలు, వీళ్లను మాత్రం పెద్దాస్పత్రికి పంపాలి. తిరుపతి వైపు వాళ్లకు రుయా ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, అరవింద్ కంటి ఆస్పత్రి ఉంది. కుప్పం వైపు వాళ్లు తిరుపతి దాకా రానక్కర్లేదు, అక్కడే పీఈఎస్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. ఒక్కొక్కరిని విడిగా కాకుండా రెండు మూడు బడుల పిల్లలను కలిపి ఒకే రోజు, ఒకే బండిలో పంపండి. ఆర్బీఎస్‌కే బృందంతో, ఎంఈఓతో (మండల విద్యాధికారితో) ముందే మాట్లాడుకుంటే బండి దొరుకుతుంది. అందరి తల్లిదండ్రులూ రాలేకపోయినా, ప్రతి బిడ్డకూ అమ్మో నాయనో సంతకం చేసిన సమ్మతి పత్రం ఉండాలి, వాళ్ల ఫోన్ నంబరు చీటీ మీద ఉండాలి. చిన్నపిల్లలకు పవర్ తేలాలంటే చుక్కలు వేసి కనుపాప పెద్దది చేస్తారు. సైక్లోపెంటోలేట్ వేస్తే ఒక రోజు దాకా దగ్గరివి మసకగా ఉంటాయి. అట్రోపిన్ పూత మందు ఇస్తే పది పదిహేను రోజులు ఉంటుంది. ముఖం ఎర్రబారి జ్వరం వస్తే ఆ పూత ఆపేసి ఫోన్ చేయాలని తల్లికి చెప్పండి. దగ్గరివి మసకగా ఉంటాయి కాబట్టి యూనిట్ టెస్టుల వారంలో పంపొద్దు, పరీక్షలు అయిన మరుసటి వారం పెట్టుకోండి. వెళ్లేటప్పుడు టోపీయో గొడుగో, పాత అద్దాలుంటే అవి, వాడుతున్న చుక్కల సీసా, మన చీటీ, అన్నీ బిడ్డ సంచీలో ఉండాలి. తిరిగొచ్చాక ఆస్పత్రి కాగితాన్ని ఫోటో తీసి, రిజిస్టర్లో ఆ బిడ్డ పేరు పక్కన మళ్లీ ఎప్పుడు చూపించాలో తేదీ రాసి పెట్టండి.